ఉప్పులో ఉన్న కరెంటు

ఉగాది సభలో మా అమ్మ కనబడలేదేమని చాలామంది అడిగారు. పులిహోర కోసం వరసలో నిలబడి కొందరికి సగం చెప్పాము. కార్లు పెట్టిన చోట మంచు గీకుతూ మరికొందరికి మిగతా సగం చెప్పాము. తీరా చూస్తే ఎవరికీ పూర్తిగా చెప్పలేదని తేలింది. "గుండెపోటట" అని ఒకరు, "కొబ్బరినీళ్ళు పడలేదట" అని ఒకరు, "ఉప్పు మానేస్తే అలాగే అవుతుంది" అని ఇంకొకరు అనుకుంటున్నారని తెలిసింది. అందుచేత ఈ నెల వ్రాద్దామనుకున్న తోకచుక్కల సంగతి వాయిదా వేసి, మా ఇంటి సంగతే వ్రాస్తున్నాము. ముందుగా రెండు మాటలు. అమ్మ ఇప్పుడు క్షేమంగా ఉంది. జరిగినదానిలో తప్పు మాదే.

మేము వైద్యులం కాము. విద్యుచ్ఛక్తి చదువుకుని ట్రాన్స్‌ఫార్మర్ల మీద బ్రతుకుతున్నవాళ్ళం. అయితే ఈ కథలో అసలు పాత్ర కరెంటుదే కనుక మాకూ నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటున్నాము. మన సంఘంలో వైద్యులకు కొదవలేదు. పొరపాటేదైనా దొర్లితే వారు మన్నించక, దిద్దవలసిందిగా మనవి.

జరిగింది ఇది

సంక్రాంతి వెళ్ళాక అమ్మ ఇండియా నుంచి వచ్చింది. 74 ఏళ్ళు. చాలాకాలంగా షుగరూ, రక్తపోటూ ఉన్నాయి. మూత్రపిండాలు కొంచెం మందగించాయని అక్కడి డాక్టరుగారు కాగితం మీద వ్రాసి ఇచ్చారు. ఆ కాగితం చదివి భద్రంగా సొరుగులో పెట్టాము. వాడే మాత్రల్లో రక్తపోటుకి లిసినోప్రిల్ ఒకటి, కాళ్ళ వాపుకి స్పైరోనోలాక్టోన్ ఒకటి. మాత్రలతోపాటు "ఉప్పు బాగా తగ్గించాలి" అన్న సలహా కూడా ఉంది.

గోదావరి జిల్లాలో పుట్టి పెరిగిన మనిషికి ఉప్పు లేని పప్పు పెట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు. అమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "నాయనా, ఇది పప్పా, పథ్యమా?" అనేది. మా మనసు ఒప్పలేదు. సూపర్ బజారులో వెతికి "సోడియం లేని ఉప్పు" అని పెద్ద అక్షరాలతో ఉన్న డబ్బా తెచ్చాము. అందులో ఉన్నది పొటాషియం క్లోరైడు. చూడటానికి ఉప్పే. రుచికి ఉప్పే, కాకపోతే చివర కొంచెం చేదు. ఆ చేదు పోవడానికి ఏం చెయ్యాలి? "ఇంకొంచెం వేస్తే సరి" అంది అమ్మ. చారులో ఇంకొంచెం, పెరుగన్నంలో ఇంకొంచెం. దానికి తోడు "చలవ చేస్తుంది" అని మేమే తెచ్చిపెట్టిన కొబ్బరినీళ్ళ డబ్బాలు రోజుకి రెండు. మధ్యాహ్నం ఒక అరటిపండు.

మూడు వారాలు గడిచేసరికి అమ్మకి కాళ్ళలో సత్తువ తగ్గింది. సోఫాలో కూర్చుంటే లేవడానికి చెయ్యి అందించాల్సి వచ్చింది. చలి కాబోలు అనుకున్నాము. నాలుగు రోజుల తరువాత మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయింది. నాడి చూస్తే నిమిషానికి 44. వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాము.

అక్కడ ముందు ఇ.సి.జి. తీశారు. ఆ కాగితం చూడగానే పడుచు డాక్టరమ్మ నడక మారిపోయింది. రక్తం ఫలితం ఇంకా రాకముందే చేతికి సూది గుచ్చి కాల్షియం ఎక్కించడం మొదలుపెట్టింది. పది నిమిషాలకి ఫలితం వచ్చింది: పొటాషియం 7.1. ఉండవలసింది 3.5కీ 5కీ మధ్య. ఆ తరువాత గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఇవ్వబోతుంటే మేము అడ్డుపడ్డాము. "షుగరు 150 ఉంది, ఇప్పుడు ఇన్సులిన్ ఎందుకు?" అన్నాము. ఆమె చేస్తున్న పని ఆపకుండానే, "ఇది షుగరు కోసం కాదు, పొటాషియంని లోపలికి పంపడానికి" అంది.

లోపలికి అంటే ఎక్కడికి? ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే ఈ వ్యాసం తయారయింది.

లోపలా, బయటా

మన శరీరంలో రెండు రకాల ఉప్పునీళ్ళున్నాయి. జీవకణాల బయట, అంటే రక్తంలోనూ కణాల మధ్య ఉండే నీటిలోనూ, సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ. కణాల లోపల సరిగ్గా తలక్రిందులు. ఆసుపత్రి కాగితాల మీద లీటరుకి ఇన్ని మిల్లీమోలులని వ్రాస్తారు. ఆ కొలతలోనే చెబితే బయట సోడియం సుమారు 140, పొటాషియం సుమారు 4. లోపల పొటాషియం సుమారు 140, సోడియం 10, 12. ఈ రెండు నీళ్ళనూ వేరుచేసేది కణం చుట్టూ ఉన్న పలచని కొవ్వు పొర. దాని మందం మిల్లీమీటరులో సుమారు రెండు లక్షల వంతు.

నీటిలో కరిగిన ఉప్పు అణువులుగా ఉండదు, అయానులుగా విడిపోతుంది. సోడియం అయానుకీ పొటాషియం అయానుకీ ఒక్కొక్క ధనావేశం ఉంటుంది. ఆవేశం ఉన్నది నూనెలోంచి దూరి పోలేదు. అందుకని ఈ కొవ్వు పొరలో అక్కడక్కడ మాంసకృత్తులతో చేసిన సన్నని ద్వారాలున్నాయి. కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు తెరచి ఉండేవి ముఖ్యంగా పొటాషియం ద్వారాలు. వాటిలోంచి సోడియం పోలేదు. సోడియం అయాను పొటాషియం కంటే చిన్నదే అయినా పోలేదు. ఆ ద్వారం పొటాషియం కొలతకే కుట్టిన చొక్కా లాంటిది. ఆ కుట్టుపని ఎలా ఉందో అమెరికాలో రోడరిక్ మెకినన్ 1998లో ఎక్స్‌కిరణాలతో చూసి చెప్పాడు. 2003లో ఆయనకి నోబెల్ బహుమానం వచ్చింది.

ఇప్పుడు మన ఉగాది సభే తీసుకుందాం. హాలు లోపల 140 మంది పిల్లలు, బయట వసారాలో నలుగురు. ప్రక్కన ఒక చిన్న తలుపు ఉంది, అందులోంచి పిల్లలు మాత్రమే దూరగలరు. పట్టుచీరలు కట్టుకున్న తల్లులు దూరలేరు. పిల్లలు ఊరికే అటూ ఇటూ పరుగెడుతున్నారు, ఎవరూ ఎవరినీ తొయ్యడం లేదు. అయినా లోపల 140 మంది ఉన్నారు కనుక లోపలి నుంచి బయటికి పోయేవాళ్ళే ఎక్కువ. ఒక్కొక్కడు బయటికి పోయినకొద్దీ లోపల పిల్లవాడు కనబడని తల్లి ఒకామె పెరుగుతుంది. "ఒరేయ్, రారా లోపలికి!" అన్న కేకలు పెరుగుతాయి. కేకలు బాగా హెచ్చాక, పోయేవాళ్ళూ తిరిగి వచ్చేవాళ్ళూ సమానం అవుతారు. అప్పుడు రాకపోకలు ఆగవు గాని, లెక్క మారదు.

పిల్లలు పొటాషియం అయానులు. తల్లులు కణం లోపల చిక్కుపడి ఉన్న, ఋణావేశం గల పెద్ద అణువులు. పిల్లలు బయటికి పోవడం గాఢతా భేదం వల్ల. తల్లుల కేక విద్యుదాకర్షణ. ఈ రెండూ తుల్యమైన చోట పొరకి లోపలివైపు ఋణంగానూ, బయటివైపు ధనంగానూ ఒక పొటెన్షియల్ నిలబడుతుంది. కణం ఒక చిన్న బ్యాటరీ అయింది.

ఇక్కడ మా ఉపమానం ఒకచోట తప్పుతుంది. ఇంత పొటెన్షియల్ పుట్టడానికి చాలామంది పిల్లలు బయటికి పోవాలేమో అనిపిస్తుంది. అక్కరలేదు. మామూలు కణంలో ఉన్న పొటాషియంలో సుమారు లక్షో వంతు బయటికి పోతే చాలు. లోపలి గాఢత ఇంచుమించు మారనే మారదు. వోల్టేజి పుట్టించేది ఎంత ఉప్పు కదిలిందన్నది కాదు, పొరకి రెండువైపులా ఉన్న నిష్పత్తి.

ఆ నిష్పత్తికీ వోల్టేజికీ ఉన్న సూత్రం జర్మనీలో వాల్టర్ నెర్న్స్ట్ అన్న యువకుడు 1888, 89 ప్రాంతాలలో కట్టాడు. మన శరీరపు వేడిమి దగ్గర దాని సారాంశం ఒక్క వాక్యం: నిష్పత్తి పదిరెట్లయితే 61 మిల్లీవోల్టులు. పొటాషియం లోపల 140, బయట 4 అయితే లెక్క ప్రకారం లోపలివైపు సుమారు 94 మిల్లీవోల్టుల ఋణం. గుండె కండరంలో నిజంగా కొలిస్తే 90 దాకా ఉంటుంది. నరాల్లో సుమారు 70.

"ఇంతేనా, టార్చిలైటు బ్యాటరీలో పదహారో వంతు కూడా లేదు" అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. కాని వృత్తిధర్మంగా ఇంకో లెక్క వేశాము. పొర మందం మీటరులో ఇరవై కోట్ల వంతు. 90 మిల్లీవోల్టులని దానితో భాగిస్తే మీటరుకి సుమారు 1 కోటి 80 లక్షల వోల్టుల చొప్పున వస్తుంది. గాలి మీటరుకి 30 లక్షల వోల్టుల దగ్గరే తట్టుకోలేక మెరుస్తుంది. మేము ఫ్యాక్టరీలో పింగాణీతోనూ నూనెతోనూ పడే పాట్లు గుర్తు వచ్చి, మా ఒంట్లోని కొవ్వుకి మనసులోనే నమస్కారం పెట్టుకున్నాము.

కప్ప గుండె, కుళాయి నీళ్ళు

ఉప్పులకీ గుండెకీ సంబంధం ఉందని తెలిసింది ఒక పొరపాటు వల్ల. 1880 ప్రాంతాలలో లండనులో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెని బయటికి తీసి ఉప్పునీటిలో ఉంచి, ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తూ ఉండేవాడు. బట్టీపట్టిన నీళ్ళలో మామూలు ఉప్పు కలిపితే చాలు, గుండె చక్కగా కొట్టుకుంటున్నదని తేల్చాడు. తరువాత కనుక్కుంటే, సహాయకుడు ఆ నీళ్ళకు బదులు లండను కుళాయి నీళ్ళు వాడాడని తెలిసింది. శుద్ధమైన నీటితో మళ్ళీ చేస్తే గుండె ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉన్న కాల్షియం ఇంతకాలం దానిని నడిపించిందన్నమాట. రింగర్ ఆ పొరపాటును దాచకుండా 1883లో అచ్చువేశాడు. గుండెకి సోడియంతోపాటు కాల్షియమూ కావాలి, పొటాషియమూ కావాలి; పొటాషియం మించితే గుండె ఆగుతుంది; కాల్షియం దానికి విరుగుడుగా పనిచేస్తుంది. మన ఊరి నర్సింగుహోముల్లో ఇనుప కడ్డీకి వ్రేలాడే "రింగర్ లాక్టేట్" సీసాలో ఆయన పేరు ఇప్పటికీ ఉంది.

మా అమ్మ చేతికి మొదట ఎక్కించినది కాల్షియం అని పైన వ్రాశాము. అది రక్తంలో పొటాషియంని ఒక్క చుక్క కూడా తగ్గించదు. గుండె పొరని కాస్సేపు నిలబెడుతుంది. రింగర్ కప్పకి కుళాయి నీళ్ళు చేసిన ఉపకారం, నూట నలభై ఏళ్ళ తరువాత మా అమ్మకి ఒక సిరంజిలోని కాల్షియం చేసింది.

బ్యాటరీ ఉంటే చాలదు, దానితో పని జరగాలి. నరంలో సందేశం పోయినా, కండరం ముడుచుకున్నా జరిగేది ఒకటే. ఇంతసేపూ మూసి ఉన్న సోడియం ద్వారాలు ఒక్కసారి తెరుచుకుంటాయి. బయట 140 ఉన్న సోడియం లోపలికి దూకుతుంది. లోపలి ఋణం పోయి, ఒక్క క్షణం ధనం అవుతుంది. వెంటనే సోడియం ద్వారాలు మూతపడతాయి, పొటాషియం బయటికి పోయి పాత స్థితి వస్తుంది. నరంలో ఇదంతా సెకనులో వెయ్యో వంతు పని.

దీనిని కళ్ళారా చూపించినది ఒక సముద్రజీవి. స్క్విడ్ అనే ఆ జంతువులో ఒక నరపు పోగు అర మిల్లీమీటరు దాకా లావు ఉంటుంది. 1939 వేసవిలో ఇంగ్లండు దక్షిణ తీరాన ప్లిమత్‌లో అలన్ హాడ్జికిన్, ఆండ్రూ హక్స్‌లీ అన్న కుర్రవాళ్ళు ఆ పోగులోకి సన్నని గాజు గొట్టం దూర్చి లోపలి వోల్టేజి కొలిచారు. ఒకరికి 25 ఏళ్ళు, ఇంకొకరికి 21. సందేశం వచ్చినప్పుడు లోపలి ఋణం సున్నాకి వస్తుందని అప్పటివరకూ పెద్దల ఊహ. వీళ్ళు చూస్తే సున్నా దాటి సుమారు 40 మిల్లీవోల్టుల ధనానికి పోయింది. ఎందుకో తేల్చేలోపల సెప్టెంబరులో ప్రపంచయుద్ధం వచ్చిపడింది, ఇద్దరూ సైనికావసరాల పనిలోకి వెళ్ళిపోయారు. యుద్ధం ముగిశాక తిరిగివచ్చి, అది సోడియం చేస్తున్న పని అని నిరూపించి, 1952లో మొత్తం లెక్కతో సహా ప్రకటించారు. కేంబ్రిడ్జిలోని కంప్యూటరు అప్పుడు పనిచెయ్యకపోతే, హక్స్‌లీ చేతితో త్రిప్పే లెక్కల యంత్రం మీద వారాల తరబడి సమీకరణాలు సాధించాడు. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమానం దక్కింది.

నీళ్ళు తోడే మర

లోపలికి వచ్చిన సోడియంని మళ్ళీ బయటికి పంపకపోతే, పోయిన పొటాషియంని తిరిగి తేకపోతే, బ్యాటరీ క్రమంగా చచ్చిపోతుంది. ఆ పని చేసే మర ఒకటి ప్రతి కణం పొరలోనూ ఉంది. డెన్మార్కులో యెన్స్ స్కౌ 1957లో ఎండ్రకాయ కాలి నరాల్లో దానిని పట్టుకున్నాడు. నలభై ఏళ్ళ తరువాత, 1997లో, ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ మర ఒక్క చుట్టు తిరిగితే మూడు సోడియంలు బయటికి, రెండు పొటాషియంలు లోపలికి పోతాయి. ఒక్కొక్క చుట్టుకీ ఏటీపీ అనే ఇంధనపు అణువు ఒకటి ఖర్చు. మనం కదలక మెదలక పడుకున్నప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు అయిదో వంతు ఈ తోడకానికే పోతుంది.

ఏటీపీ పేరు వచ్చింది కనుక ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేము. 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఏటీపీని కనుగొన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. సుబ్బారావుగారు మనకంటే ఎంతో ముందు ఈ దేశం వచ్చి, మళ్ళీ ఇల్లు చూడకుండానే 1948లో ఇక్కడే కన్నుమూశారు. ఆసుపత్రి మంచం మీద ఉన్న అమ్మకి ఈ మాట చెబితే, "మా భీమవరం ఆయనేనా! మరి ఆయనకి పప్పులో ఉప్పు ఎవరు వేసేవారో పాపం" అంది. అప్పుడు మాకు ధైర్యం వచ్చింది.

చెంచాలో ఏముంది

ఇప్పుడు మా తప్పు లెక్క చూద్దాం. పెద్దవాళ్ళ ఒంట్లో మొత్తం పొటాషియం సుమారు 130 గ్రాములు ఉంటుంది. నూటికి 98 పాళ్ళు కణాల లోపలే ఉంటుంది. బయట ఉండేది సుమారు రెండు గ్రాములు. పొటాషియం క్లోరైడు బరువులో సగానికి పైగా పొటాషియమే. అంటే మేము తెచ్చిన డబ్బాలోంచి ఒక చిన్న చెంచా తీస్తే అందులోనే రెండున్నర గ్రాములకు పైగా పొటాషియం. కణాల బయట ఉన్న మొత్తం పొటాషియం కంటే చెంచాలో ఉన్నదే ఎక్కువ! ఒక అరటిపండులో ఉండేది సుమారు 400 మిల్లీగ్రాములు. ఒక్క చెంచా ఆరు అరటిపళ్ళ పెట్టు.

ఇది చదివి భయపడకండి. ఆరోగ్యవంతులు అంత పొటాషియం తిన్నా, భోజనం చెయ్యగానే పుట్టే ఇన్సులిన్ ఆ మరలని వేగంగా త్రిప్పి పొటాషియంని కణాల లోపలికి తోస్తుంది. తరువాత కొన్ని గంటలలో మూత్రపిండాలు మిగులుని బయటికి పంపేస్తాయి. రోజూ తినే పొటాషియంలో సుమారు 90 పాళ్ళు పోయే దారి మూత్రమే. డాక్టరమ్మ ఇన్సులిన్ ఎందుకు ఇచ్చిందో ఇప్పుడు మీకూ అర్థమయి ఉంటుంది. "లోపలికి" అంటే కణంలోకి. ఆ 98 పాళ్ళ గాదెలోకి. అక్కడ ఇంకో గుప్పెడు చేరినా లెక్కలోకి రాదు.

మా అమ్మ విషయంలో ఈ దారులన్నీ ఇరుకైపోయాయి. మూత్రపిండాలు ముందే మందగించాయి. పొటాషియంని బయటికి పంపమని మూత్రపిండానికి చెప్పే హార్మోను ఒకటుంది, ఆల్డోస్టిరోన్ అని. లిసినోప్రిల్ దాని ఉత్పత్తి తగ్గిస్తుంది. స్పైరోనోలాక్టోన్ దాని మాట వినబడకుండా చేస్తుంది. రెండూ మంచి మందులే, ఎంతోమంది గుండెలని కాపాడుతున్నవే. కాని వాటిని మ్రింగుతున్న మనిషికి పొటాషియంని చెంచాలతో వడ్డించినవాళ్ళం మేము.

బయటి పొటాషియం 4 నుంచి 7కి పెరిగితే ఏమవుతుంది? నెర్న్స్ట్ సూత్రంలో వేసి చూడండి. 94 మిల్లీవోల్టుల ఋణం 79కి దిగజారుతుంది. అదే మూడు పాళ్ళు లోపలివైపు పెరిగి 140 కాస్తా 143 అయితే మార్పు ఒక్క మిల్లీవోల్టు కూడా ఉండదు. నలుగురున్న వసారాలోకి ఇంకో ముగ్గురు వస్తే తేడా తెలుస్తుంది. 140 మంది ఉన్న హాలులో తెలియదు. ప్రాణం ఆ వసారా మీద ఆధారపడి ఉంది.

15 మిల్లీవోల్టులు తగ్గితే కణం ఇంకా తేలికగా స్పందించాలి కదా అని మాకు సందేహం వచ్చింది. మొదట కొంతవరకూ అలాగే జరుగుతుందట. కాని సోడియం ద్వారానికి రెండు గడియలున్నాయి. తెరుచుకున్నాక రెండో గడియ పడుతుంది. లోపల మళ్ళీ బాగా ఋణం అయితే గాని అది ఊడదు. వోల్టేజి పూర్తిగా దిగనంతకాలం కొన్ని ద్వారాలు ఆ గడియతోనే ఉండిపోతాయి. కాళ్ళ కండరాలకి సత్తువ తగ్గడానికీ, గుండెలో సందేశం నత్తనడక నడవడానికీ కారణం ఇదే. ఇ.సి.జి. కాగితం మీద గీతలు గుడారాల్లా మొనదేలి, ఆ తరువాత బల్లపరుపుగా వెడల్పయిపోతాయి. ఇంకా ముదిరితే ఆ గీత ఒట్టి అలలా మారి, గుండె ఆగిపోతుంది. నొప్పి ఉండదు. చెమట పట్టదు. మనిషి "నీరసంగా ఉంది నాయనా" అంటుంది, అంతే. నాలుగు రోజులు చలి మీద నెట్టివేసి మేము ఎంత దగ్గరదాకా వెళ్ళామో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఆ రాత్రికి పొటాషియం 5.8కి దిగింది. మూడో నాటికి 4.7. డయాలిసిస్ అవసరం రాలేదు. మాత్రల్లో ఒకటి మార్చారు.

మనవి చేసుకునేది

ఆ డబ్బా ఉప్పు విషం అని మేము అనడం లేదు. 2021లో ప్రకటించిన ఒక పరిశీలనలో, చైనాలోని 600 గ్రామాల్లో సుమారు 21 వేలమందిని అయిదేళ్ళపాటు గమనించారు. నూటికి 25 పాళ్ళు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇటువంటి ఉప్పుని ఇంటి వంటలో వాడుకోవచ్చని సలహా ఇచ్చింది. అయితే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఆ సలహా వర్తించదని స్పష్టంగా చెప్పింది. మా డబ్బా వెనకాల కూడా "మందులు వాడేవారు వైద్యుని అడగవలెను" అని ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నా, ఉంది. ముందువైపు పెద్ద అక్షరాలు మాత్రమే చదివాము.

పొటాషియం తక్కువైనా ప్రమాదమే. వాంతులూ విరేచనాలూ అయినప్పుడు అది పడిపోయి, గుండె లయ తప్పుతుంది. కనుక ఆరోగ్యంగా ఉన్నవారు అరటిపండుకీ కొబ్బరినీళ్ళకీ జంకనక్కరలేదు.

మన ఇళ్ళకి ప్రతి ఏడూ అమ్మానాన్నలు, అత్తమామలు వస్తూ ఉంటారు. వచ్చేటప్పుడు ఆవకాయతోపాటు మాత్రల సంచీ తెస్తారు. ఆ మాత్రల పేర్లన్నీ ఒక కాగితం మీద వ్రాసి ఇక్కడి డాక్టరుకి ఒకసారి చూపించండి. మూత్రపిండాల సంగతీ, పొటాషియం సంగతీ ప్రత్యేకంగా అడగండి. ఉప్పుకి బదులు ఏది కొన్నా డబ్బా వెనక్కి త్రిప్పి చదవండి. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి కాళ్ళలో సత్తువ లేదంటే, వయసు మీదా చలి మీదా పెట్టకండి. ఈ నాలుగు మాటలు చెప్పడానికే ఇంత వ్రాశాము.

ఆసుపత్రిలో ఉన్న ఆ మూడు రోజులూ మా ఇంటికి చారూ, కూరా చేసి పంపిన నాలుగు కుటుంబాలకీ, రాత్రి తోడు పడుకున్న స్నేహితురాలికీ మా కృతజ్ఞతలు. పేర్లు వ్రాస్తే కోప్పడతారని వ్రాయడం లేదు.

అమ్మ ఇప్పుడు పప్పులో ఉప్పు సగానికి సగం తగ్గించి, నిమ్మకాయ పిండి, మిరియాల పొడి జల్లుకుని తింటున్నది. మొన్న వంటింటి అలమరలో ఆ డబ్బా ఇంకా ఉండటం చూసి మా శ్రీమతిని పిలిచింది. "అమ్మాయ్, ఉప్పు తక్కువ పెట్టు, తింటాను. అసలు లేకుండా పెట్టు, అదీ తింటాను. ఉప్పు కాని ఉప్పు మాత్రం ఈ ఇంట్లో ఉంచకు" అంది. డబ్బా ఆ సాయంత్రమే బయటికి వెళ్ళింది.

వచ్చే నెల తోకచుక్కలు.